పది రూపాయల నోటు పరీక్ష

తలుపు సందులో పది నోటు పెట్టి మూసి
మెల్లగా లాగుతాను.
మొరాయిస్తూ వస్తే ఫ్రిజ్ బతికున్నట్టు.
ఊరికే జారి చేతిలోకొస్తే
గాస్కెట్ పోయినట్టు.
రాజోలు సెంటర్లో ముప్పై ఏళ్లుగా
ఇదే నా స్టెతస్కోపు.
నోటు మాత్రం మీరే ఇవ్వాలండి, ఆయ్.

కొత్తగా చేరిన కుర్రాడు
గాస్కెట్ తెల్ల తొడుగు చీల్చి
లోపలి నల్లబద్దని వేలికి చుట్టుకుని అడిగాడు:
"ఇది రబ్బరా, అయస్కాంతమా, మాస్టారూ?"
రెండూనురా అబ్బాయ్.
అయస్కాంతపు రాయిని మెత్తగా పిండి కొట్టి
రబ్బరులో కలిపి, ముద్ద చేసి
జంతికల గొట్టంలోంచి వత్తినట్టు వత్తుతారు.
అప్పటికింకా దానికి ఏ దిక్కూ తెలీదు.
ఆనక ఒకే ఒక్క దెబ్బ, కన్నుమూసి తెరిచేంత,
పిండిలో ప్రతి రేణువూ తల తిప్పుతుంది.
బద్ద పొడుగునా ఉత్తరం, పక్కనే దక్షిణం, మళ్లీ ఉత్తరం,
చేలో గట్టు పక్కన బోదె, బోదె పక్కన గట్టు ఉన్నట్టు.

కత్తెరతో కొయ్యి, తెగుతుంది.
తెగినా రెండు ముక్కలూ పట్టుకుంటాయి.
ఉత్త రాయైతే చెయ్యిజారిన రోజే పెంకులు.

నా చిన్నప్పుడు, పాడైన స్పీకరులోది
గుండ్రాయి ఒకటి తాడుకి కట్టి
అంతర్వేది ఇసకలో ఈడ్చుకు తిరిగేవాణ్ణి.
సముద్రం దగ్గర ఇసక నల్లగా ఉన్నచోట
దానికి బారెడు గెడ్డం మొలిచేది.
మా ఇంటిపేరు గెడ్డం.
ప్రభుదాసు గాడికి తమ్ముడు పుట్టాడని
పాలెమంతా నవ్వింది.

గట్టి రకం ఇంకోటుంది, గోరంత ఉండి గొడ్డంత లాగుతుంది.
ఫ్యాన్లో, బండి మీటర్లో, కంప్యూటర్ డిస్కులో
దాన్ని కూడా పిండి చేసి జిగురులో పోస్తారు.
మన ఉప్పుగాలి తగిలిందంటే బొబ్బలెక్కి రాలిపోతుంది,
పైన పూత వెయ్యకపోతే బతకదు.
ఈ నల్లబద్దకి ఆ భయం లేదు.
పుట్టుకే తుప్పు దీనిది.
తుప్పుని కొలిమిలో కాల్చి చేసిందానికి
ఇంకేం తుప్పు పడుతుంది?

మొన్న వరద తీశాక
కొప్పనాతి సింహాద్రమ్మ కబురెట్టింది.
చేపలమ్మే డీప్ ఫ్రీజరు
మూడు రోజులు మొలలోతు నీళ్లలో నిలబడిందట.
మోటారు ఎండబెట్టాను, తిరిగింది.
గాస్కెట్ మడతల్లో వండ్రుమట్టి,
పళ్ల బ్రష్షుతో తోమితే గంట పట్టింది.
అనుమానమెందుకని నల్లబద్ద కొత్తది వేశాను.
మూత మూసి నోటు పెట్టి లాగితే,
జర్రున వచ్చేసింది.
బద్ద తిరగేసి వేశాను. మళ్లీ జర్రున.
కుర్రాడు నా మొహంకేసి చూడకుండా
గోడకేసి చూస్తున్నాడు.

అప్పుడు వేలితో పెట్టె అంచు తడిమాను.
తెల్లరంగు కింద ఇనపరేకు లేదు.
ఎప్పుడో తినేసింది ఉప్పు.
రంగే రేకులా నిలబడి ఉంది ఇన్నాళ్లూ.
పాపం, అయస్కాంతం తన పని తాను చేస్తోంది,
అవతల పట్టుకోడానికి ఎవరూ లేరంతే.

నేను మాట్లాడలేదు. ఆవిడే అంది,
"మా ఆయన పోయాక నాకూ అలాగే ఉండేదిలే దాసూ,
అయితే ఇప్పుడేం చేస్తావు?"

పామాయిల్ డబ్బా ఒకటి అడిగాను.
నాలుగు పక్కలా రెండేళ్ల వెడల్పు రేకు కోసి
అంచు చుట్టూ రివెట్లు కొట్టాను.
మధ్యలో డబ్బా మీది తాటిచెట్టు బొమ్మ
సగం కనపడుతూనే ఉంది, చెరపలేదు.
మూత దించగానే చప్పుడు:
టప్ కాదు, ధన్ కాదు,
నిద్రలో పిల్లాడు పెదాలు చప్పరించినట్టు.

నోటు పెట్టి లాగాను. రాలేదు.
ఇంకొంచెం లాగాను.
సగం నా చేతిలోకొచ్చింది,
సగం పెట్టెలోనే ఉండిపోయింది.

సింహాద్రమ్మ పడీ పడీ నవ్వి
"పది రూపాయలు బిల్లులో తగ్గించుకో" అంది.
తగ్గించుకున్నానండి.
చందువాలు రెండు పొట్లం కట్టి ఇచ్చింది,
అది బిల్లులో లేదు.